నీళ్లు అడగని పచ్చిక

మా ఇంటి ముంగిట్లో ఉన్న పచ్చిక తీసివేసి ప్లాస్టిక్ పచ్చిక పరుచుకోవాలా, వద్దా అన్న ప్రశ్న 2024 వేసవిలో మా కుటుంబాన్ని రెండు నెలలపాటు పట్టి ఉంచింది. వినడానికి ఇది చిన్న విషయమే. పెండ్లి సంబంధమూ కాదు, పొలం పంపకమూ కాదు. అయినా ఆ రెండు నెలల్లో మా అబ్బాయి మనసు నొచ్చుకుంది, నా భార్య కంటతడి పెట్టుకుంది, నేను ఒకరోజంతా పొరుగువారి ముఖం చూడలేక ఇంట్లోనే కూర్చున్నాను.

ఇప్పుడు పట్టణాల్లో హోటళ్ల ముందు, పెండ్లి మండపాల్లో, అపార్టుమెంట్ల బాల్కనీల్లో ఎక్కడ చూసినా ఈ కృత్రిమ పచ్చిక కనబడుతున్నది. మెల్లగా మన ఊళ్లకూ, మన గుడి ఆవరణలకూ వస్తున్నది. రేపో మాపో మీ ఇంట్లో కూడా ఈ మాట రావచ్చు. అందుకని మా ఇంట్లో జరిగినదంతా దాచకుండా మీతో పంచుకుంటున్నాను.

జారిపడిన రోజు

మాది ప్రకాశం జిల్లాలో మెట్ట ఊరు. నేను ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేసి 2008లో రిటైరయ్యాను. ఆ మరుసటి సంవత్సరం దేవుని కృపను బట్టి ఊరి చివర చిన్న డాబా ఇల్లు కట్టుకున్నాము. గేటుకూ వరండాకూ మధ్య ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు ఖాళీ స్థలం మిగిలింది. అక్కడ పచ్చిక వేయాలని కోరినది నా భార్యే.

దానికి కారణముంది. ఆమె చిన్నతనంలో వాళ్ల నాన్నగారు మిషను ఆసుపత్రిలో పనిచేసేవారు. దొరగారి బంగళా ముందు పెద్ద పచ్చిక ఉండేదట. క్రిస్మసుకు పిల్లలందరినీ దానిమీద కూర్చోబెట్టి మిఠాయిలు పంచేవారట. మిగతా రోజుల్లో మాత్రం గడ్డి తొక్కితే తోటమాలి కేకలు వేసేవాడట. “మనకంటూ ఇల్లుంటే ఎవరైనా కూర్చోగలిగే పచ్చిక వేసుకోవాలి” అని ఆమె అప్పుడే అనుకున్నదట. కడియం నర్సరీల నుండి కార్పెట్ గడ్డి తెప్పించి నాటించాము. పదిహేను సంవత్సరాలు శుక్రవారం సాయంత్రం స్త్రీల కూటం ఆ పచ్చిక మీదనే జరిగింది.

2024 మార్చిలో ఒక సాయంత్రం ఆమె నీళ్ల పైపు లాగుతూ తడి నేల మీద జారిపడింది. కుడి మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు పిండికట్టు. మా అబ్బాయి అమెరికాలో డల్లాసు దగ్గర ఉంటాడు. ఆ రాత్రే వీడియోలో మాట్లాడాడు.

“నాన్నగారూ, ఆ గడ్డి కోసం అమ్మను ఇంకా ఎన్నిసార్లు పడనిస్తారు? తీసేయించండి. ప్లాస్టిక్ గడ్డి వేయిద్దాం. నీళ్లక్కర్లేదు, కోయనక్కర్లేదు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. డబ్బు నేను పంపిస్తాను.”

అందులో తప్పేమున్నది? వాడు తల్లి మీది ప్రేమతోనే అన్నాడు. నేను సరేనన్నాను. నా భార్య మాత్రం ఏమీ అనలేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకొని వరండాలో కూర్చుని ఆ పచ్చికనే చూస్తూ ఉండిపోయింది.

“గడ్డి తాగాక పట్టుకోమంటారా?”

ఏప్రిల్ వచ్చింది. మా బోరు సంగతి చెప్పాలి. వేయించిన కొత్తలో గంటలకొద్దీ నీరు పోసేది. ఇప్పుడు ఏప్రిల్ దాటితే అరగంట పోసి దగ్గడం మొదలుపెడుతుంది. మళ్లీ నాలుగైదు గంటలు ఆగాలి. మా వీధి చివర ఏడెనిమిది ఇండ్లకు బోరు లేదు. పంచాయతీ నీళ్లు రాని రోజున వాళ్లు వాడుక నీళ్లకు మా ఇంటికి వస్తారు. రావద్దని మేమెన్నడూ అనలేదు.

ఆమె చెయ్యి విరిగాక తోటకు నీళ్లు పెట్టే పని నాదయింది. ఒకరోజు ఉదయం ఆరు గంటలకు మోటారు వేసి పచ్చిక తడుపుతున్నాను. గేటు దగ్గర పొరుగింటి పాప రెండు ప్లాస్టిక్ బిందెలు పెట్టుకొని నిలబడి ఉంది. పదేళ్లుంటాయేమో. ఎంతసేపటి నుండి నిలబడిందో నేను గమనించలేదు.

“ఏమ్మా, పిలవకపోయావా?” అన్నాను.

“మాస్టారుగారూ, గడ్డి తాగాక పట్టుకోమంటారా?” అని అడిగింది.

దానిలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. రోజూ జరిగేదే ఆ పాప అడిగింది. ముందు గడ్డి, తరువాత మనుషులు. నేను పైపు తీసి బిందెలో పెట్టేసరికి ఒక బిందె నిండింది. రెండవది సగంలో ఉండగా బోరు దగ్గింది.

ఆ రోజు నేను బయటికి రాలేదు. లెక్కల మాస్టారును గనుక కాగితం తీసుకొని లెక్క వేశాను. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. మా పచ్చిక 600 చదరపు అడుగులు, అంటే సుమారు 56 చదరపు మీటర్లు. మన మెట్ట ఎండల్లో పచ్చిక పచ్చగా నిలవాలంటే రోజుకు ఐదారు మిల్లీమీటర్ల నీరు కావాలి. అంటే దాదాపు 300 లీటర్లు. బిందెకు 15 లీటర్లు చొప్పున ఇరవై బిందెలు! రోజూ ఇరవై బిందెల నీరు గడ్డికి పోసి, ఆ తరువాత ఒకటిన్నర బిందె ఆ పాపకు పోశాను.

పదిహేను సంవత్సరాలు ఆ పచ్చిక మీద కూర్చొని పొరుగువానిని ప్రేమించడం గురించి ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో! మా అబ్బాయి మాట నాకు మరింత సబబుగా తోచింది. నీళ్లు అడగని పచ్చికే మనకు తగినది అనుకొని మరునాడే ఒంగోలు బస్సెక్కాను.

ఒక అడుగు ముక్క

దుకాణంలో ఈ పచ్చిక తివాచీలాగా చుట్టలు చుట్టి ఉన్నది. దీని పోచలు పాలిథిలీన్, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. అడుగున ప్లాస్టిక్ గుడ్డలో వాటిని కుట్టి, ఊడిపోకుండా రబ్బరు వంటి జిగురు పూస్తారు. పోచలు నిలబడి ఉండడానికి కొన్ని రకాల్లో మధ్యన ఇసుక చల్లుతారు. ఆట స్థలాల్లోనయితే పాత టైర్లను పొడి చేసిన నల్లని రబ్బరు గుళికలు చల్లుతారు. నీరు దిగిపోవడానికి అడుగున చిన్న రంధ్రాలుంటాయి.

మాకు చెప్పిన ధర చదరపు అడుగుకు 80 రూపాయలు. 600 అడుగులకు 48,000. నేల చదును చేసి, కంకరపొడి పోసి, దిమ్మిస చేసి పరచడానికి మరో 30,000. మొత్తం 78,000 రూపాయలు. ఎన్నాళ్లు ఉంటుందని అడిగితే “పదేళ్లకు ఢోకా లేదు” అన్నాడు. నీడలో అయితేనా, ఎండలో అయితేనా అని అడిగితే ఫోను వచ్చిందని పక్కకు వెళ్లిపోయాడు.

నమూనాగా ఒక అడుగు ముక్క ఇచ్చాడు. దాన్ని తెచ్చి మా పచ్చిక పక్కనే పెట్టాను. ఉదయం చూస్తే ఎంత ముచ్చటగా ఉందంటే ఏది అసలు, ఏది నకిలీ అని ఒక క్షణం ఆగి చూడవలసి వచ్చింది. మేలు రకమే.

మే నెల మొదటి వారం. మధ్యాహ్నం రెండు గంటలకు నా భార్య చెప్పులు విడిచి ముందు అసలు పచ్చిక మీద కాలు పెట్టింది. వెచ్చగా ఉంది గాని నిలబడగలిగింది. తరువాత ఆ ముక్క మీద పెట్టింది. పెట్టీ పెట్టకముందే తీసేసింది. “ఏమండీ, ఇది పెనంలాగుందండీ” అన్నది.

మా అనుభవం వింతేమీ కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వారు 2002లో తమ ఆట స్థలం మీదనే వేడి కొలిచారు. గాలిలో 37 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్న రోజున కృత్రిమ పచ్చిక పైభాగం 93 డిగ్రీల దాకా వెళ్లింది. తారు నేల కన్నా కూడా అదే ఎక్కువ కాలింది. చల్లబరుద్దామని నీళ్లు పోస్తే 79 డిగ్రీల నుండి 29కి దిగింది గాని, ఐదు నిమిషాల్లో 49కి, ఇరవై నిమిషాల్లో 73కి మళ్లీ ఎక్కింది. మన మెట్ట ఊళ్లలో మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే గదా!

కారణం తేలికగానే అర్థమవుతుంది. బ్రతికున్న గడ్డి వేళ్లతో నీరు పీల్చుకొని ఆకుల నుండి ఆవిరిగా వదులుతుంది. మనకు చెమట పట్టి ఆరితే ఒళ్లు చల్లబడినట్లే అదీ చల్లబడుతుంది. ప్లాస్టిక్కు చెమట పట్టదు. పడిన ఎండనంతా పట్టుకొని కూర్చుంటుంది. నీళ్లు అడగకపోవడమే దాని గొప్ప అనుకున్నాము. అది కాలిపోవడానికి కారణం కూడా అదేనని ఆ రోజు తెలిసింది.

ఇది ఎందుకు పుట్టింది?

ఈ కృత్రిమ పచ్చికను ముందుగా చేసినది ఇంటి ముంగిళ్ల కోసం కాదు. 1964లో అమెరికాలోని ప్రావిడెన్స్ పట్టణంలో ఒక పాఠశాల ఆట స్థలంలో వేశారు. దానికి పేరు వచ్చింది మాత్రం టెక్సాస్‌లోని హ్యూస్టన్ నగరంలో. అక్కడ 1965లో ఆస్ట్రోడోమ్ అనే క్రీడా మందిరం తెరిచారు. ఆకాశం కనబడకుండా పూర్తిగా కప్పు వేసిన స్టేడియం అది. ఎండ పడాలని కప్పుకు పారదర్శకమైన పలకలు వేసి, లోపల నిజమైన గడ్డి పెంచారు. అయితే ఆ పలకల వెలుగుకు ఆటగాళ్లకు కండ్లు చెదిరి, పైనుండి వచ్చే బంతి కనబడలేదు. పలకలకు రంగు పూశారు. బంతి కనబడింది, గడ్డి చచ్చిపోయింది. 1966లో దాని స్థానంలో కృత్రిమ పచ్చిక పరిచారు. ఆ స్టేడియం పేరు మీదనే దానికి ఆస్ట్రోటర్ఫ్ అని పేరు.

హాకీ ఆట తెలిసినవారికి ఈ పేరు ఒక గాయం. 1975లో కౌలాలంపూర్‌లో గడ్డి మైదానం మీద మనవాళ్లు ప్రపంచ కప్పు గెలిచారు. మరుసటి ఏడు మాంట్రియల్ ఒలింపిక్సులో మొట్టమొదటిసారిగా హాకీని కృత్రిమ పచ్చిక మీద ఆడించారు. మనవాళ్లకు ఏడవ స్థానం వచ్చింది. హాకీలో మనం ఒలింపిక్ పతకం లేకుండా తిరిగి రావడం అదే మొదటిసారి.

దీన్ని బట్టి నాకొకటి అర్థమైంది. ఎండ తగలని చోట, గడ్డి బ్రతకలేని చోట, లేక బంతి ఒకే తీరుగా దొర్లవలసిన చోట ఇది పుట్టింది. ఆ పనికి అది తగినదే. మన ముంగిట్లో ఎండకు కొదువ లేదు, బంతి దొర్లే అవసరమూ లేదు.

నీటి కరువు ఉన్న దేశాలు ఏమి చేస్తున్నాయో కూడా చూశాను. లాస్ వేగాస్ నగరమున్న నెవాడా ఎడారి రాష్ట్రం. అక్కడ 2021లో ఒక చట్టం చేశారు. ఎవరూ కూర్చోక, ఆడుకోక, కేవలం చూపు కోసం రోడ్ల మధ్యన, కార్యాలయాల ముందు పెంచే పచ్చికకు 2026 చివరి తరువాత కొలరాడో నది నీరు పెట్టకూడదు. ఇండ్ల ముందు పచ్చికకు ఈ నిషేధం లేదు. ఇంటివారు తామే పచ్చిక తీసివేసి తక్కువ నీటితో బ్రతికే మొక్కలు వేసుకుంటే నీటి సంస్థవారు డబ్బు సహాయం చేస్తారు. ఇంగ్లండులోనయితే వాన బాగానే కురుస్తుంది గాని, అక్కడి రాజ ఉద్యానవన సంఘం 2022లో తమ పూల ప్రదర్శనల్లో కృత్రిమ పచ్చిక వాడరాదని నిర్ణయించింది. వానపాములకు, పురుగులకు, పక్షులకు దానివల్ల నిలువ నీడ లేకుండా పోతుందని వారి బాధ. ప్లాస్టిక్ రేణువులు నేలలో, నీటిలో కలుస్తున్నాయని ఐరోపా సమాఖ్య 2023లో ఆట స్థలాల్లో చల్లే రబ్బరు గుళికల అమ్మకాన్ని ఎనిమిది సంవత్సరాల గడువు ఇచ్చి నిలిపివేయ నిర్ణయించింది.

అక్కడ పెంచేదీ మన గరికే

ఇక్కడ ఒక తమాషా సంగతి చెప్పాలి. 2018లో మేము అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ప్రతి శనివారం వాడు యంత్రంతో ఇంటి ముందు గడ్డి కోయడం చూశాను. కోయకపోతే కాలనీ సంఘం వారు నోటీసు పంపుతారట. వేసవిలో వారానికి ఇన్ని రోజులే నీరు పెట్టాలని పట్టణం వారి నియమం. గడ్డికి ఎరువు, మందు, విత్తనం అన్నీ కొంటున్నాడు. అది ఏమి గడ్డిరా అని అడిగితే “బెర్ముడా గ్రాస్ నాన్నగారూ” అన్నాడు. వంగి ఒక పోచ పీకి చూశాను. మన గరిక! కణుపు కణుపుకూ వేరు దిగి, నేల మీద పాకుతూ, మా నాన్న పత్తి చేలో తవ్వలేక నడుము పట్టుకున్న గరికే అది. పేరు మారింది గాని గడ్డి మారలేదు. తాత చంపలేకపోయిన గడ్డిని మనుమడు డబ్బు పెట్టి బ్రతికిస్తున్నాడని అప్పుడు నవ్వుకున్నాము.

ఆ నవ్వులో ఉన్న జవాబు నాకు ఆరేళ్ల తరువాత తట్టింది.

ఆమె చెప్పిన మాట

మే నెల చివర ఒక రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత కాగితం ముందు పెట్టుకొని నా భార్యతో కూర్చున్నాను. ఒక పక్క 78,000 రూపాయలు, పెనంలాగ కాలే నేల, పదేళ్లకో అంతకు ముందో చుట్ట చుట్టి పారేయవలసిన ప్లాస్టిక్. దాన్ని మన ఊళ్లలో ఎక్కడ పారేస్తారు? చెరువు గట్టునే గదా, లేకపోతే తగలబెడతారు. ఇంకొక పక్క రోజుకు ఇరవై బిందెల నీరు, ఆమె మణికట్టు, ఆ పాప ప్రశ్న. రెండు వైపులా నష్టమే కనబడుతున్నది.

ఆమె కాసేపు ఆలోచించి ఇట్లా అన్నది: “ఎండాకాలంలో ఎండిపోతే ఎండిపోనీయండి. గడ్డే గదా. వాన వస్తే అదే లేస్తుంది. ఏప్రిల్లో కూడా పచ్చగా ఉండాలని పట్టుబట్టింది మనమే గాని, గడ్డి అడగలేదు.”

పదిహేను సంవత్సరాల పచ్చికను వదులుకోవడం ఆమెకు తేలిక కాలేదు. ఆ మాట చెప్పి కండ్లు తుడుచుకున్నది. నేనయితే తెల్లబోయాను. గడ్డి ఎండిపోవడాన్ని గురించి యెషయా గ్రంథం 40వ అధ్యాయంలో ఉన్న మాటలను సమాధి ఆరాధనల్లో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. దేవుడు గడ్డిని ఎండేటట్టు, మళ్లీ మొలిచేటట్టు చేశాడు. దాన్ని ఎండనీయకూడదని మేము పొరుగువారి నీళ్లు పోశాము. అది కుదరనప్పుడు ఎండనే ఎండని దాన్ని కొనబోయాము. రెండింటిలోనూ కోరిక ఒక్కటే.

అబ్బాయికి చెబితే చిన్నబుచ్చుకున్నాడు. “నేను ఇస్తానన్నది ఎప్పుడూ మీకు వద్దు” అన్నాడు. రెండు ఆదివారాలు ఫోను చేయలేదు. మూడవ ఆదివారం నేనే చేశాను. “నీ డబ్బు వద్దని కాదు నాయనా. అమ్మ మళ్లీ పడకూడదని నువ్వన్నది నిజం. దానికే ఖర్చు పెడదాం” అని మేము అనుకున్నదంతా విడమరచి చెప్పాను. చాలాసేపు విన్నాడు. “సరే నాన్నగారూ, లెక్క పంపండి” అన్నాడు.

మేము చేసినది

ముందుగా గేటు నుండి వరండా దాకా నాలుగడుగుల వెడల్పు బాట వేయించాము. జారకుండా గరుకుగా ఉన్న కడప బండలు ఏరించాము. వరండా మెట్లకు ఇనుప పట్టుగొట్టం పెట్టించాము. మణికట్టు విరగడానికి అసలు కారణం గడ్డి కాదు, చీకట్లో తడి నేల మీద పైపు లాగడం.

నీళ్లు ఎక్కువ తాగే కార్పెట్ గడ్డిని తీయించి, తూర్పు పక్క వేపచెట్టు కింద 200 అడుగుల మేర గరికను వదిలేశాము. నాటే పనే లేదు, గట్ల మీది నుండి నాలుగు దుబ్బులు తెచ్చి పెడితే తొలకరికి అల్లుకున్నది. మిగతా చోట మందార, నందివర్ధనం, మల్లె వేశాము. పడమటి ఎండ ఆగడానికి ఒక కానుగ మొక్క నాటాము. స్నానాల నీరు పోయే దారిలో రెండు అరటి పిలకలు, కొన్ని మెట్టతామర దుంపలు పెట్టాము. వాటికి వేరుగా నీరు అక్కర్లేదు.

డాబా నీరు దిగే గొట్టం దగ్గర ఇంకుడు గుంత తవ్వించాము. 2000 సంవత్సరంలో నీరు–మీరు కార్యక్రమం వచ్చినప్పుడు బడిలో పిల్లలకు దీన్ని గురించి పాఠం చెప్పిన నేను, స్వంత ఇంట్లో మాత్రం తవ్వించలేదు! అడుగున పెద్ద రాళ్లు, వాటిమీద కంకర, పైన ముతక ఇసుక. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే రెండు వేల లీటర్ల పైన నీరు దిగుతుంది. ఇన్నాళ్లూ అదంతా వీధి కాలువలో పోయేది.

చివరిగా ప్రహరీ గోడకు బయటి వైపున ఒక కుళాయి పెట్టించాము. వేసవిలో మోటారు వేయగానే ముందు ఆ కుళాయి విప్పుతాము. ఆ తరువాతే మా ట్యాంకు.

బండలకు, గుంతకు, కుళాయికి, కూలీలకు మొత్తం 34,000 రూపాయలయింది.

ఇప్పుడెలా ఉంది?

అంతా బాగుందని చెబితే అది అబద్ధమవుతుంది. గరికలో తుంగ వస్తుంది. వారానికోసారి పీకాలి. అయితే తుంగ ప్లాస్టిక్ షీటును కూడా పొడుచుకొని పైకి వస్తుందని తెలిసినవారు చెప్పారు గనుక ఆ బాధ ఎటూ తప్పేది కాదు. 2025 ఏప్రిల్లో మా ముంగిలి ఎండిపోయి గోధుమ రంగుకు తిరిగింది. చూసినవారు “మాస్టారి తోట పాడైపోయింది, ముసలివాళ్లయ్యారు గదా” అన్నారు. కొంచెం కష్టంగానే ఉండేది. వానలు పడి పది రోజులు తిరక్కుండా అదే నేల పచ్చబడింది. ఒక్క ఇంకుడు గుంతతో బోరు నిండిందని కూడా చెప్పను. మే నెలలో అది ఇంకా దగ్గుతూనే ఉంది. అయితే ఉన్న కాస్త నీరు ఇప్పుడు మనుషులకు పోతున్నది.

2024 క్రిస్మసుకు అబ్బాయి, కోడలు, పిల్లలు వచ్చారు. ఈశాన్య వానలకు గరిక ఒత్తుగా ఉంది. మనుమడు దానిమీద దొర్లుతుంటే మా అబ్బాయి చెప్పులు విడిచి వెళ్లి పక్కన కూర్చున్నాడు. “మా ఇంటి ముందున్నదే గదా ఇది” అన్నాడు. “నీది మాది కాదు, అది తాతగారిది” అన్నాను. నా భార్య వరండాలో నుండి నవ్వింది.

కోసిన గరిక పొరుగింటి మేకలకు పోతుంది. ఆ పాపే వచ్చి తీసుకుపోతుంది.

మీ ఇంట్లో ఈ మాట వస్తే

ప్లాస్టిక్ పచ్చిక పనికిరానిదని నేననను. ఎండ పడని వరండాలో, మొక్క బ్రతకని బాల్కనీలో, మంచం మీద నుండి లేవలేని ఒక పెద్దామె కిటికీ దగ్గర ఒక చిన్న ముక్క పరిస్తే అది ఆమె కంటికి హాయి. అలాంటి చోట వేసుకోండి.

అయితే ఆరుబయట నేల మీద వేయబోయే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోండి. మధ్యాహ్నం దానిమీద పిల్లలు చెప్పులు లేకుండా నిలబడగలరా? నమూనా ముక్క తెచ్చి మే నెలలో మీరే కాలు పెట్టి చూడండి. వాన నీరు నేలలోకి దిగుతుందా, లేక కింద సిమెంటు చేసి వీధిలోకి పంపుతున్నారా? పాతబడిన తరువాత దాన్ని ఎక్కడ పడవేస్తారు? ఆ డబ్బుతో ఒక నీడనిచ్చే చెట్టు, ఒక ఇంకుడు గుంత, ఒక మంచి బాట వస్తాయేమో లెక్క వేశారా?

నిజమైన పచ్చికను ఉంచుకోదలచినవారు కూడా ఒక ప్రశ్న వేసుకోవాలి. మీ గడ్డి తాగే నీటి కోసం గేటు బయట ఎవరైనా బిందెతో నిలబడి ఉన్నారా?

ఈ మధ్య పొరుగూరి సంఘపు పెద్దలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. గుడి ఆవరణలో సండే స్కూలు పిల్లలు కూర్చునే చోట ఈ పచ్చిక పరుద్దామని అనుకుంటున్నారట. నేనేమీ ఉపదేశం చెప్పలేదు. ఆ అడుగు ముక్క ఇంకా మా వరండాలో ఉంది, కాళ్లు తుడుచుకోవడానికి. దాన్నే చేతికిచ్చి, తీసుకువెళ్లి మధ్యాహ్నం రెండింటికి పిల్లలు కూర్చునే చోట పెట్టి చూడండి అన్నాను.

వారం తరువాత కబురు వచ్చింది. వేప మొక్కలు నాలుగు నాటారట. నీళ్లు ఎవరు పోయాలో వంతులు వేసుకుంటున్నారట.